ఈల వేసి ఆగాలి

అక్టోబర్ 9, సోమవారం

బోర్డో నుంచి నిన్న సాయంత్రం దిగాను. స్టేషన్‌కు తాత రాలేదు, తన వేట నేస్తం ఆబెల్‌ను పంపాడు. అక్టోబరులో తాత ఎవరి కోసమూ అడవి దాటి రాడు. నానమ్మ ఏప్రిల్‌లో పోయింది కాబట్టి అంత్యక్రియలకు వెళ్ళగలిగాడని ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు.

రెండు పనుల మీద వచ్చాను. మొదటిది ఇంటర్న్‌షిప్. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి ఒక పుస్తకం వేస్తున్నాయి. కార్లు తిరగని కంకర దారుల మీద సైకిలు తొక్కాలని పారిస్ నుంచీ లియాన్ నుంచీ వచ్చేవాళ్ళ కోసం. దారులు వెతికి పటాలు గీసే మనిషి వేరే ఉన్నాడట. ఒక్కో దారికీ నాలుగు ముక్కలు రాసేది నేను. యూనివర్సిటీలో మార్కులు పడాలి కాబట్టి ఒప్పుకున్నాను తప్ప, రాయడమంటే ఇష్టమై కాదు. ఇలాంటి రాతను రాయడం అనరు.

రెండోది నాన్న అప్పగించాడు. జూలైలో తాత గుండెకు స్టెంట్లు వేశారు. ఈ ఏడు అడవిలో పావురాలు పట్టే మాటుకు పోనిచ్చేది లేదని నాన్న, పోనివ్వనప్పుడు గుండె ఎందుకు బాగు చేయించావని తాత. వేసవంతా ఫోన్లో ఇదే గోల. చివరికి ఒప్పందం కుదిరింది. మాటులో తాత పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఒక్కసారి ఒంటరిగా కనబడ్డాడంటే ఆ రోజే ఆజాన్ పట్నం తీసుకుపోయి తన అపార్ట్‌మెంట్లో కూర్చోబెడతానన్నాడు నాన్న. పొద్దున పూట ఆబెల్, మధ్యాహ్నం పన్నెండు నుంచి నేను.

నాన్న అపార్ట్‌మెంట్ కిటికీలోంచి సూపర్ మార్కెట్ పార్కింగ్ కనిపిస్తుంది. ఎనభై ఒక్కేళ్ళ తాత దాన్ని చూస్తూ ఈ చలికాలం దాటడని నాన్నకు తప్ప అందరికీ తెలుసు.

అక్టోబర్ 10, మంగళవారం

దారులు వెతికే మనిషి పేరు కోమ్. వయసు ముప్ఫై అయిదు పైనే. బురద రంగు సైకిలు, బురద రంగు చొక్కా, బురద రంగు మేజోళ్ళు. నిజం బురద తగిలితే మాత్రం వెంటనే దిగి గుడ్డతో తుడుస్తాడు.

పరిచయమైన మరుక్షణం నుంచే ఎవరినైనా నువ్వు అంటాడు. మేయర్‌ని అన్నాడు, రొట్టెల దుకాణం ఆవిడనీ అన్నాడు. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, నిన్నటి రొట్టె ఇచ్చింది.

ఈ రోజు పాత రైలు దారి మీద వెళ్ళాం. పట్టాలు పీకేసి సన్న కంకర పోశారు. చిన్నప్పుడు ఇక్కడే సైకిలు నేర్చుకున్నాను. అప్పుడు దీన్ని ఎవరూ అనుభవం అనలేదు. కోమ్‌కు అన్నీ అనుభవాలే. స్టేషన్ మాస్టర్ ఇంట్లో ఇప్పుడెవరో కాపురముంటున్నారు. ప్లాట్‌ఫారం మీద దుప్పట్లు ఆరేశారు. ఆయన ఆ దుప్పట్లకు కూడా ఫొటో తీశాడు.

తారు రోడ్డు అడ్డం వచ్చినప్పుడల్లా ఆయన మొహం చూడాలి. పళ్ళెంలో వెంట్రుక వచ్చినట్టు.

ఒక్కటి ఒప్పుకోవాలి. పొద్దున్నే తడి కంకర మీద చక్రం పోతుంటే వచ్చే చప్పుడు, నూనెలో ఏదో మెల్లగా వేగుతున్నట్టు, బాగుంటుంది. ఈ వాక్యాన్ని పుస్తకానికి ఇవ్వను.

అక్టోబర్ 11, బుధవారం

ఆ ముసలాళ్ళు అడవిలో ఏం చేస్తారని కోమ్ అడిగాడు. విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

ఓక్ చెట్ల మధ్య ఒక గుడిసె. దాన్నుంచి నాలుగు వైపులా ఎండు ఫెర్న్ ఆకులు కప్పిన సొరంగాలు. కొమ్మల చివర పెంపుడు పావురాలు, వాటి కాళ్ళ కింది పలకలకు తాళ్ళు. ఉత్తరం నుంచి నీలి పావురాల గుంపు కనబడగానే లోపలినుంచి తాడు లాగుతారు. పెంపుడుది రెక్కలు టపటపలాడిస్తుంది. పైన పోయేవి తమవాళ్ళెవరో ఉన్నారనుకుని దిగుతాయి. చెట్ల మీద వాలాక మెల్లగా నేల మీదికి రప్పించి వల లాగాలి. ఇందుకోసం ఆరు వారాలు చీకటితో లేచి వచ్చి కూర్చుంటారు. మిగతా ఏడాదంతా దాని గురించి మాట్లాడుకుంటారు. మధ్యమధ్య బాతు మాంసం వేయించుకుంటారు.

దారిన పోయేవాళ్ళ సంగతేమిటని అడిగాడు. మలుపు దగ్గర ఆగి ఈల వేయాలి. లోపలినుంచి ఈల వస్తే పోవచ్చు. రాకపోతే పక్షులు చెట్ల మీద ఉన్నాయని అర్థం. ఆగాలి, ఎంతసేపైనా. తాత చిన్నప్పుడు పోస్టుమాన్ ఉత్తరాల సంచీతో గంటకు పైగా నిలబడ్డాడట, ఊళ్ళో ఎవరూ అతన్ని తప్పుపట్టలేదట.

"అబ్బ, ఎంత అందంగా ఉంది" అన్నాడు కోమ్, కళ్ళు మూసుకుని.

అందమేమిటి. నా బాల్యమంతా ఎవరో ఒకరు నోటి మీద వేలు పెట్టుకుని నావైపు చూస్తూ గడిచింది. మాటులో దగ్గకూడదు, నవ్వకూడదు, సంచీ జిప్పు లాగకూడదు. ఇప్పుడు మధ్యాహ్నాలు అక్కడ కూర్చుంటున్నది నాకు చదువుకోవడానికి నిశ్శబ్దం దొరుకుతుందని. అంతకు మించి ఏమీ లేదు.

అక్టోబర్ 13, శుక్రవారం

పటంలో దారి ఉంది. నేల మీద దారి లేదు, గోధుమ విత్తిన చాలు ఉంది. ఇక్కడి రైతులకిది మామూలే. ఏటా ఒక్క నాగలి వెడల్పు చొప్పున ఊరి దారిని తినేస్తారు. అడిగితే, ఎవరూ నడవని దారి ఎవరికని ఎదురు అడుగుతారు. కోమ్ దుక్కి మధ్యలో నిలబడి ఫోను పైకెత్తి, దారి ఇక్కడే ఉండాలని ఆకాశానికి చెప్పాడు. అవతలి కంచె దగ్గరనుంచి కుక్క వచ్చింది. ఆయన సైకిలును నాకూ కుక్కకూ మధ్య పెట్టలేదు, తనకూ కుక్కకూ మధ్య పెట్టుకున్నాడు.

తర్వాత శ్మశానంలో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నాం. సైకిలు తొక్కేవాళ్ళకు ఇదో పెద్ద రహస్యమట, ఏ పల్లెలో దుకాణం మూసి ఉన్నా శ్మశానంలో మంచి నీళ్ళు దొరుకుతాయని. మేం సమాధుల మీది పూలకుండీలకు పోసుకునే నీళ్ళు. ఆయన గుటక వేసి, రాతి రుచి తెలుస్తోందన్నాడు.

ఈ దారికి నేను రాసిన నాలుగు వాక్యాలు చూపించాను. మూడు కొట్టేశాడు. నాలుగోదాని కింద గీత గీసి, "ఇది పర్వాలేదు" అన్నాడు.

నాకేం. ఆయన పర్వాలేదనడం ఎవరికి కావాలి.

అక్టోబర్ 14, శనివారం

మిగిలిన మూడు వాక్యాలు తిరగరాశాను. ఏడుసార్లు.

అక్టోబర్ 17, మంగళవారం

పెద్ద చుట్టు దారి దాదాపు కుదిరింది. అడవి లోపలి ఇసుక బాట, ద్రాక్షతోటల మధ్య తెల్ల రాళ్ళ దారి, చెరువు గట్టు, పాత రైలు దారి. ఎక్కడా కారు కనబడదు. ఒక్కచోట మాత్రం చిక్కు. మాటు ముందునుంచి పోతే సరే. పోకపోతే లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద ఒక కిలోమీటరు తొక్కాలి. ఆ కిలోమీటరు ఉంటే పుస్తకం అట్ట మీద కార్లు లేని దారి అని వేయడం అబద్ధమవుతుందని కోమ్ దిగులు. అడుగుదాం పద అన్నాడు.

ఈల వేశాను. లోపలినుంచి ఆబెల్ ఈల వచ్చింది. వెళ్ళాం.

"ఫిర్మాన్, నువ్వు రోజూ ఇక్కడే ఉంటావా?" అన్నాడు కోమ్, తాత భుజం మీద చెయ్యి వేసి.

తాత ఆ చేతి వంక చూశాడు. "తమరెక్కడ ఉంటారండీ?"

"పారిస్‌లో."

"అయ్యో. రోజూనా?"

ఆబెల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కోమ్‌కు అర్థం కాలేదు. దారి సంగతి చెప్పాడు, పటం పరిచాడు. తాత పటం చూడలేదు. దారి తనది కాదనీ ఊరిదనీ, రావచ్చనీ అన్నాడు. ఈల వేసి ఆగితే చాలట.

"ఈల రాకపోతే?"

"మాకు రాకపోతేనా, తమకు రాకపోతేనా?"

కోమ్‌కు నిజంగానే ఈల వేయడం రాదు. అక్కడే పెదాలు సున్నాలా చుట్టి ప్రయత్నించాడు. గాలీ కాస్త తుంపరా వచ్చాయి. ముప్ఫై అయిదేళ్ళు ఏం చేశాడో ఈ మనిషి.

ఆ చుట్టుకు ఆయన పెట్టిన పేరు నిశ్శబ్దపు దారి. నిశ్శబ్దం ఏ దారిలోనూ ఉండదు, ఎవరో ఒకరు నోరు మూసుకుంటే వస్తుంది. ఈ మాట ఆయనతో అనలేదు. ఇక్కడ రాసుకున్నాక అని ఉండాల్సింది అనిపిస్తోంది.

అక్టోబర్ 19, గురువారం

చెరువు గట్టు ఇంకోసారి చుట్టి వద్దామన్నాడు. మాటుకు చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆబెల్ ఆకలితో సొరంగం మొదట్లో నిలబడి ఉన్నాడు.

ఆబెల్ ఉన్నాడు కదా. తాత ఒంటరిగా లేడు కదా.

అక్టోబర్ 21, శనివారం

వేటగాళ్ళందరి మొహాలూ వేలాడుతున్నాయి. ఈ ఏడు గుంపులన్నీ సముద్రం పక్కగా పోతున్నాయట. తప్పు గాలిదట, ఎండదట, ఉత్తరాన మొక్కజొన్న కోతలదట. ఎవరి తప్పూ కాని రోజు పారిస్‌దట. తాత మాత్రం పైకి చూస్తూ కూర్చుంటాడు. చెట్ల నిండా వాలిన గుంపు ఆయనకు ఎనిమిదేళ్ళ కింద వచ్చింది, అదే ఆఖరు. ఇంకొక్కటి చూడాలని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. అనకపోయినా గుడిసె అంతా ఆ మాటే ఉంది.

కోమ్‌తో వస్తూ మలుపు దగ్గర ఈల వేశాను. జవాబు లేదు. ఆయన్ని ఆపాను. పది నిమిషాలకు ఆయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఇరవై నిమిషాలకు, లోపల నిద్రపోయారేమో అన్నాడు. నేను నోటి మీద వేలు పెట్టాను. అచ్చం తాతలాగా. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ వేలు తీయలేదు. చివరికి ఈల వచ్చింది. అయిదే అయిదు పావురాలు వాలి లేచిపోయాయట. ఆ అయిదింటికీ ఆబెల్ టోపీ తీసి గుండెకు ఆనించుకుని ఉన్నాడు.

వెనక్కి వస్తుండగా కోమ్ అన్నాడు, వచ్చే వసంతంలో సెవేన్ అనే కొండప్రాంతపు దారుల మీద పెద్ద పుస్తకం ఉందని, నేను రాస్తానంటే నా పేరు అట్ట మీద వేయిస్తానని.

ఆలోచిస్తానన్నాను. గొంతు మామూలుగానే ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

అక్టోబర్ 24, మంగళవారం

మళ్ళీ ఆలస్యం. ద్రాక్షతోటల దారి మధ్యాహ్నపు వెలుతురులో ఎలా ఉంటుందో చూడకుండా రాయడం కుదరదు. ఆబెల్ ఉన్నాడు కదా.

అక్టోబర్ 25, బుధవారం

వాన.

అక్టోబర్ 28, శనివారం

రేపు పెద్ద చుట్టు ప్రారంభోత్సవం. మేయర్ బాటరీ సైకిలు కొన్నాడు. ఆయనా నాన్నా ఒకే బడిలో చదివారు కాబట్టి నాన్న కూడా ఆజాన్ నుంచి వస్తున్నాడు. సైకిలు ఎవరిదో, నిక్కరు ఇంకెవరిదో. నలభై మంది దాకా పేర్లిచ్చారట. ముందు నేను వెళ్ళి మలుపు దగ్గర ఈల వేయాలి, జవాబు వచ్చాక అందరూ వరసగా, మాట్లాడకుండా మాటు దాటాలి. కోమ్ దీన్ని కార్యక్రమంలో రాయించాడు.

తాతతో చెప్పాను. నలభై మందా అని అడిగి, తలుపు సందులోంచి ఆకాశం చూసుకున్నాడు.

రేపు ఆదివారం కాబట్టి ఆబెల్ వాళ్ళ అక్క ఇంటికి భోజనానికి పోవాలి. పన్నెండుకల్లా వచ్చేస్తానని మాటిచ్చాను. పన్నెండు కొట్టగానే లేస్తానన్నాడు, వాళ్ళ అక్క ఆలస్యమైతే పళ్ళేలు తీసేస్తుందట.

చలికాలపు టైము మొదలు, ఈ రాత్రి దేశమంతా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాలి. మళ్ళీ ఆ ప్రహసనం.

అక్టోబర్ 29, ఆదివారం

వరసగా రాయాలి. వరసగా రాస్తేనే రాయగలను.

చర్చి ముందునుంచి పదింటికి బయల్దేరాం. మేయర్ ప్రసంగంలో నిశ్శబ్దం అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, అదీ మైకులో. ఆ తర్వాత నలభై సైకిళ్ళు, నలభై బెల్లులు, నలభై నోళ్ళు. ఇద్దరు పావురాల గురించీ ఇరవైమంది తమ టైర్ల గురించీ మాట్లాడుతున్నారు. నాన్న వెనకాల ఎక్కడో రొప్పుతున్నాడు.

మాటుకు ముందు మలుపులో మా దారి ఆబెల్ ఇంటికి పోయే మట్టి బాటను దాటుతుంది. అందరినీ అక్కడ ఆపాను. ఈల వేశాను.

జవాబు లేదు.

చెయ్యెత్తాను. పక్షులు దిగాయి, కదలొద్దు అన్నాను. ఆశ్చర్యం, అందరూ నోరు మూశారు. నలభై మంది సైకిళ్ళ పక్కన చెట్లలా నిలబడ్డారు. ఓక్ కాయలు రాలడం వినబడింది. కోమ్ నా చెవి దగ్గర, నీ పుస్తకానికి ఇదే మొదటి పేజీ అన్నాడు. నా పుస్తకం అన్నాడు. గర్వంగానే అనిపించింది. ఈ రోజు ఏదీ దాచకుండా రాస్తానని అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను, చాలా గర్వంగా అనిపించింది. ఎవరో తుమ్మబోతే నేను చూసిన చూపుకు ఆవిడ తుమ్ము మింగేసింది.

పావు గంట అయింది. నాన్న మెల్లగా పక్కకు వచ్చాడు. తాత దగ్గర ఎవరున్నారని గుసగుసగా అడిగాడు. ఆబెల్ అన్నాను.

అప్పుడే మట్టి బాట మీద ఆబెల్ వ్యాను వచ్చి ఆగింది.

కిటికీ దించాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పక్క సీట్లో కేకు పెట్టె. "ఏమ్మా మాయిలిస్, ఇంకా ఇక్కడే ఉన్నావా? నేను పన్నెండుకే లేచొచ్చేశా కదా."

వాచీ చూసుకున్నాను. పదకొండున్నర.

మాటు గోడ మీది గడియారాన్ని సీజన్ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. పావురాలకు గవర్నమెంటు టైముతో పనిలేదని తాత ఏటా అంటాడు, ఏటా నవ్వుతాం. మాటులో పన్నెండు కొట్టినప్పుడు ఊళ్ళో పదకొండు. ఆబెల్ లేచి వచ్చేశాడు.

"నువ్వెప్పుడూ కాస్త ఆలస్యమే కదా, దార్లో ఉండుంటావనుకున్నా" అన్నాడు ఆబెల్. ఎత్తిపొడుపు కాదు. మామూలుగా అన్నాడు.

నాన్న మొహం చూడలేదు. చూడనవసరం లేదు.

లోపల ఈలకు జవాబు లేదు. అరగంటగా తాత పక్కన ఎవరూ లేరు. పక్షులు వాలితే ఆ గుడిసెలోంచి ఏ చప్పుడూ రాదు. మనిషి పడిపోయినా రాదు. రెండూ బయటికి ఒకేలా వినబడతాయి. ఇంతసేపూ నేను వేలు పెట్టి నలభై మందిని ఆపింది దేని ముందో నాకు తెలియదు. ఆగితే తెలుస్తుంది. పక్షులే అయితే ఆగాలి. ఆగకపోతే ఎనిమిదేళ్ళుగా రానిది పోతుంది. పక్షులు కాకపోతే.

పరుగెత్తాను. ఈల లేదు, ఏమీ లేదు, తాతా తాతా అని అరుస్తూ సొరంగంలోకి పడ్డాను. ఫెర్న్ కప్పు ఒకచోట నా భుజం తగిలి కూలింది. అప్పుడు మీదనుంచి చప్పుడు వచ్చింది. అడవంతా ఒక్కసారి పైకి లేచినట్టు. సొరంగంలో వెలుగు ఆరిపోయి మళ్ళీ వచ్చింది.

తాత చిన్న కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. వల తాడు రెండు చేతుల్లోనూ ఉంది, పిడికిళ్ళు తెల్లగా ఉన్నాయి. కళ్ళు తెరిచి ఉన్నాయి, రెప్ప వేశాడు. బతికే ఉన్నాడు. తాడు మెల్లగా కింద పెట్టాడు. నావైపు తిరగలేదు.

నా వెనకే నాన్న వచ్చాడు, ఆ నిక్కరులో, తల నిండా ఎండాకులతో. "ఒంటరిగా ఉన్నావా నాన్నా?"

"ఇందాకటిదాకా లేను" అన్నాడు తాత. "ఇప్పుడే అయ్యాను."

అంతే. తర్వాత బయటనుంచి చప్పట్లు వినిపించాయి. నలభై మందీ కొడుతున్నారు. గుంపు మొత్తం వాళ్ళ తలల మీంచే లేచి పోయిందట, అదంతా తమ కోసం ఏర్పాటు చేసిందనుకున్నారు. ఒకావిడ మళ్ళీ ఎన్నింటికి అని అడిగింది. కోమ్‌కు ఫొటో దొరికింది. అట్ట మీద అదే వేస్తాడట.

అక్టోబర్ 30, సోమవారం

తాత మాట్లాడటం లేదు. సూప్ తాగాడు. మాటుకు పోలేదు. సెలవు పెట్టి ఆగిపోయిన నాన్న తాత బట్టలు సర్దుతున్నాడు.

రొట్టెల దుకాణంలోకి వెళ్ళగానే వెనకనుంచి ఎవరో ఈల వేశారు. అందరూ నవ్వారు. నేను డబ్బులిచ్చి రొట్టె తీసుకుని వచ్చేశాను. చేవ చచ్చిన వెధవలు. వాళ్ళలో ఒక్కడికీ ఎనిమిదేళ్ళుగా గుంపు వాలలేదు.

నవంబర్ 1, బుధవారం

చనిపోయినవాళ్ళ పండగకు నానమ్మ సమాధికి చామంతి కుండీలు తీసుకెళ్ళాం. ఊరంతా అక్కడే ఉంది, అందరి చేతుల్లోనూ అవే పూలు. నాన్న మధ్యాహ్నం తాతను ఆజాన్ తీసుకుపోతాడు. ఒప్పందం ఒప్పందమే. తాత ఎదురు చెప్పలేదు, అదే భయంగా ఉంది. కోటు తొడుక్కుని సమాధుల మధ్య నిలబడ్డాడు, బస్సు కోసం నిలబడ్డవాడిలా.

కుళాయి దగ్గర నాన్నను ఆపాను. తప్పు తాతది కాదన్నాను. ఆబెల్‌దీ కాదు. పుస్తకం పని మానేస్తున్నాను, సీజన్ అయ్యేదాకా చీకటితో వెళ్ళి చీకటితో వస్తాను, ఒక్క నిమిషం కూడా కదలను అన్నాను. నీ యూనివర్సిటీ ఏమవుతుందని అడిగాడు. అది నా తిప్పలు అన్నాను. ఆ పారిస్ మనిషి ఏదో పెద్ద పుస్తకం ఇస్తానన్నాడట కదా అన్నాడు. ఆబెల్ చెప్పి ఉంటాడు. ఈ ఊళ్ళో దేనికీ నోరు మూసుకోరు, పావురాలకు తప్ప.

"ఎందుకే ఇదంతా" అన్నాడు నాన్న. "పక్షుల్ని చూడటమంటే నీకు చిరాకే కదా."

"చిరాకే" అన్నాను. "ఆ పార్కింగ్ చూడటం ఆయనకు ఇంకా చిరాకు."

నాన్న కుళాయి తిప్పి కుండీలో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. కుండీ నిండి బూట్ల మీదికి కారింది. అప్పటికి కట్టేశాడు. ఒంటరిగా చివరికి ఒంటికి పోవడానికి కూడా వదలకూడదన్నాడు. సరేనన్నాను. తాత పెట్టె తన కార్లోంచి దించింది నాన్నే.

నవంబర్ 3, శుక్రవారం

కోమ్‌కు ఫోన్ చేశాను. దారుల మీద రాసినవన్నీ పంపించేశాను. మాటు దారికి మాత్రం కొత్తగా రాశాను: "అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ దారిన రాకండి. పెద్ద రోడ్డున వెళ్ళండి. అక్కడ లారీలు తిరుగుతాయి."

ఇదేం వాక్యం అన్నాడు. ఇందులో నిశ్శబ్దం ఎక్కడుంది, అనుభవం ఎక్కడుంది అన్నాడు. దారిలో కార్లుంటే అట్ట మీద మాట అబద్ధమైపోతుందన్నాడు. అయితే అట్ట మార్చు అన్నాను. మొదటిసారి నేనూ ఆయన్ని నువ్వు అన్నాను. సెవేన్ కొండల సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ దారిని ఊరివాళ్ళు తప్ప ఎవరూ అడ్డుకోలేరు, కాబట్టి మేయర్ దగ్గరకూ వెళ్ళాను. గుంపు ఎగిరిన ఫొటో తన గదిలో పెట్టుకుంటాడట, అందులో తన హెల్మెట్ కూడా పడిందట. దారి సంగతికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఆయనకూ అడవిలో ఒక మాటు ఉంది.

నవ్వొస్తోంది. నేను రాసినవాటిలో ఎవరూ గీత గీయక్కర్లేకుండా నిలబడ్డది ఈ మూడు ముక్కలే.

నవంబర్ 6, సోమవారం

మూడు రోజులుగా చలి, ఆకాశం ఖాళీ. ఆబెల్ పొద్దున్నే వచ్చి కాఫీ పోసి, సిగ్గుపడుతూ పోతున్నాడు. తాత నాతో అవసరమైనవే మాట్లాడుతున్నాడు. కట్టె వెయ్యి. తలుపు మూయి.

ఈ రోజు మధ్యాహ్నం, ఏ ముందుమాటా లేకుండా అడిగాడు.

"ఎన్ని ఉన్నాయంటావు?"

"ఏమిటి?"

"ఆదివారంవి. నేను లోపలున్నాను, కొమ్మలు అడ్డం. నువ్వు సొరంగంలోంచి వచ్చావు, కప్పు కూల్చుకుని మరీ. నీ నెత్తి మీదనుంచే పోయాయి. రెండొందలా? మూడొందలా?"

చూడలేదన్నాను.

"చూడలేదా?"

"నిన్ను చూస్తున్నాను."

పెంపుడు పావురం ఒకటి కొమ్మ మీద ఒళ్ళు విదిలించుకుంది. పొయ్యిలో కట్టె విరిగి పడింది. తాత జేబులోంచి రుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు, సీజన్లో మాటు లోపల ఆ పని చేయగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎనిమిదేళ్ళకు దిగిన గుంపు నెత్తి మీంచి పోతుంటే, ఈవిడ ముసలాడి మొహం చూస్తూ నిలబడిందట" అన్నాడు. "నీకు వేట రాదు పిల్లా. ఈ జన్మకు రాదు."

"రాకపోతే పోయె."

"ఈసారి వస్తే ముందు పైకి చూడు. నా మొహం ఎక్కడికి పోతుంది?"

సరేనన్నాను. పక్కకు జరిగి కూర్చుని, కాసేపు ఆకాశం చూస్తున్నట్టు నటించాను.